పాత విమానం రేకుకు మెరుగు పెట్టడం: స్వచ్ఛంద బృందాలకు అంచెలవారీ మార్గదర్శి

విజయనగరంలో మా చిన్న బృందం ఒక పాత రవాణా విమానం రేకుకు మెరుగు పెట్టడం మొదలుపెట్టిన నాటి నుంచి, చూడవచ్చినవారందరూ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఏ పాలిష్ వాడారు?" డబ్బా పేరు చెబితే పని సగం అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. నిజానికి మెరుపు అనేది పైన పూసేది కాదు. పాలిష్‌లో ఉండే సన్నని రాపిడి పొడి రేకు పైపొరను కొద్దికొద్దిగా అరగదీయగా బయటపడేదే మెరుపు. అరగదీసిన లోహాన్ని తిరిగి పెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే ఈ మార్గదర్శిలో ఎలా రుద్దాలి అన్నదాని కంటే, రుద్దే ముందు ఏం చేయాలి, ఎక్కడ చేయి ఆపాలి అన్న వాటికే ఎక్కువ చోటిచ్చాను.

1. చేయి వేసే ముందు తేల్చుకోవలసిన మూడు విషయాలు

1.1 విమానం ఎవరిది?

ప్రదర్శనకు నిలిపిన విమానం ఆవరణ ఒకరిదీ, యాజమాన్యం మరొకరిదీ కావచ్చు. సైనిక దళాల విమానాలను సంస్థలకు ప్రదర్శన నిమిత్తమే ఇస్తారు గనుక, ఆవరణ వారి నోటిమాట మీద పని మొదలుపెట్టకూడదు. ఏ భాగాలను ముట్టుకోవచ్చు, వేటిని ముట్టుకోకూడదు, ఏ గుర్తులను యథాతథంగా ఉంచాలి అన్నది కాగితం మీద రాయించుకోవాలి.

1.2 రేకా, రంగా?

ఈ మార్గదర్శి రంగు వేయని అల్యూమినియం రేకుకు మాత్రమే. విశాఖ బీచ్ రోడ్డులో నిలిపిన నౌకాదళ విమానం టీయూ-142 వంటి వాటికి రంగు ఉంటుంది. వాటి పని వేరు. రంగు మీద నల్లని గుడ్డతో ఒకసారి తుడిస్తే సుద్దపొడిలా అంటుకుందంటే పైపొర ఎండకు చచ్చిపోయిందని అర్థం. అక్కడ కడగడం, అతి మెత్తని రంగు పాలిష్, మైనం వరకే మన పరిధి. మొదటి నుంచీ మెరుపు లేని రంగు వేసుకున్న యుద్ధవిమానాన్ని నిగనిగలాడేలా చేయడం పునరుద్ధరణ అనిపించుకోదు.

రేకు విషయంలోనూ ఇంతే. కర్మాగారం నుంచి వచ్చిన కొత్త రేకు వెండిలా ఉంటుందే తప్ప అద్దంలా ఉండదు. ముఖం కనబడేంత మెరుపు కావాలని ఆవరణ వారు అడిగితే, దాని ఖరీదు రేకు మందంలో చెల్లించాలని వారికి ముందే చెప్పండి.

1.3 పైపొర ఎంత మిగిలింది?

పాత లోహపు విమానాల తొడుగులో ఎక్కువ భాగం ఆల్‌క్లాడ్ అనే రేకు. లోపల రాగి కలిసిన గట్టి అల్యూమినియం మిశ్రలోహం, దానికి రెండు వైపులా దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం పలుచని పొర. లోపలి లోహం బలాన్నిస్తుంది కానీ తుప్పుకు త్వరగా లొంగుతుంది; పైపొర దాన్ని కాపాడుతుంది. పలుచని రేకుల్లో ఈ పైపొర ఒక్కో వైపు మొత్తం మందంలో సుమారు 5 శాతం. అంటే 0.8 మిల్లీమీటర్ల రేకు మీద దాదాపు 40 మైక్రాన్లు. మనం రాసుకునే కాగితం మందంలో సగం కూడా లేదు.

పైగా మీకంటే ముందు ఎంతమంది, ఎన్నిసార్లు రుద్దారో తెలియదు. చుట్టూ మెరుస్తున్నా ఒకచోట మాత్రం ఎంత రుద్దినా ముదురు బూడిద రంగు మచ్చ పోకుండా ఉందంటే, అక్కడ పైపొర అయిపోయి లోపలి లోహం బయటపడి ఉండవచ్చు. ఆ మచ్చను వెంటాడవద్దు. పలకల పటంలో (5.1 చూడండి) గుర్తు పెట్టి వదిలేయండి.

2. ప్రాణాల మీదికి తెచ్చేవి

ఈ జాబితాలోని ఏ ఒక్కటీ స్వచ్ఛంద బృందం తేల్చగలిగేది కాదు. ఆ రకం విమానం తెలిసిన సాంకేతిక నిపుణుడు చూసి, సంతకం చేసిన కాగితం మీ చేతికి వచ్చాకే పనిలో దిగాలి.

- ఎజెక్షన్ సీటు (ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే సీటు) ఉన్న విమానమైతే దానిలోని పేలుడు గుళికలు తీసివేశారా?
- చక్రాల కాళ్ళలో, హైడ్రాలిక్ సీసాలలో, ఆక్సిజన్ సిలిండర్లలో పీడనం మిగిలి ఉందా?
- చక్రాల కాళ్ళు ముడుచుకోకుండా పిన్నులు పెట్టారా? చక్రాలకు ముందూ వెనకా దిమ్మలున్నాయా?
- ఇంధన ట్యాంకులలో ఆవిరి లేకుండా చేశారా?
- పాత మీటర్లలో చీకట్లో వెలిగే రేడియం రంగు ఉందా? ఉంటే ఆ గదిలో గీకడం, తుడవడం రెండూ నిషేధం.
- పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో కనబడే జింక్ క్రోమేట్ పూత ఎక్కడెక్కడ ఉంది? ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్‌కు దారితీయవచ్చు. దాన్ని పొడిగా సానపట్టకూడదు.

ఎత్తు మీద పనికి నిచ్చెనను విమానానికి ఆనించడం మొదటి తప్పు. రేకు సొట్టపోతుంది, నిచ్చెన జారుతుంది. సరుగుడు బాదులతో పరంజా కట్టించినా, చక్రాల ఇనుప పరంజా అద్దెకు తెచ్చినా, అది తన కాళ్ళ మీద తాను నిలబడాలి. విమానానికి జానెడు దూరంలో ఆగాలి. విమానం వైపున్న అంచులకు స్పాంజి చుట్టాలి. రెక్క మీద నడవడానికి గుర్తించిన చోటు తప్ప మరెక్కడా కాలు పెట్టకూడదు.

కరెంటు యంత్రాలు వాడుతున్నప్పుడు, కింద తడి ఉన్నప్పుడు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే స్విచ్) లేని లైను నుంచి తీగ లాగవద్దు.

3. జనం, కాలం, లెక్క

డకోటా అనే పాత రెండు ఇంజన్ల రవాణా విమానాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ఒక కొస నుంచి మరో కొసకు రెక్కల పొడవు 29 మీటర్లు, రెక్కల వైశాల్యం దాదాపు 92 చదరపు మీటర్లు. అడుగు వైపూ కలిపితే 184. మొదటిసారి మెరుగు పెట్టేటప్పుడు, మా అనుభవంలో, ఒక మనిషికి చదరపు మీటరుకు రెండు గంటలు తక్కువ కాకుండా పట్టింది. అంటే రెక్కలకే 368 గంటలు. పదిమంది ఆదివారం ఆదివారం మూడు గంటల చొప్పున వచ్చినా పన్నెండు వారాలు దాటుతాయి. మొండెం, తోక ఇంకా మొదలే కాలేదు. ఈ లెక్క చెప్పకుండా పిలిస్తే మూడో ఆదివారానికి నలుగురే మిగులుతారు.

మన ప్రాంతంలో ఈ పనికి అనువైన కాలం నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి చివరి వరకు. అక్టోబరును నమ్ముకోవద్దు: 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. విజయనగరంలో సిరిమానోత్సవం జరిగే వారం ఎలాగూ ఎవరూ రారు, పిలిచి మాట పోగొట్టుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొమ్మిదిన్నరకే రేకు పెనంలా కాగుతుంది. పాలిష్ రాసిన మరుక్షణమే ఎండి పెచ్చు కడుతుంది. అరచేతిని రేకు మీద ఆనించి ఐదు లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే పని చేయవచ్చు, లేకపోతే ఆ రోజుకు ఆపాలి. డిసెంబరులో సమస్య తిరగబడుతుంది. మంచు కారిన రేకు పూర్తిగా ఆరేదాకా ఎనిమిదింటి వరకైనా వేచి ఉండక తప్పదు.

4. సామాను

4.1 కావలసినవి

- వేగం మార్చుకోగల బఫింగ్ మిషను, ఏడంగుళాల ఉన్ని ప్యాడ్లు
- చివరి మెరుగుకు కక్ష్యలో తిరిగే రకం (ఆర్బిటల్) పాలిషర్. రెండు తలలది దొరికితే మరీ మంచిది
- విమాన అల్యూమినియం కోసమే చేసిన పాలిష్: ముతక, మధ్యరకం, మెత్తన అని కనీసం మూడు తరగతులు
- తటస్థ పి.హెచ్. ఉన్న (ఆమ్లమూ క్షారమూ కాని) ద్రవ సబ్బు, మెత్తని స్పాంజీలు, మైక్రోఫైబర్ గుడ్డలు
- లోపల దూదిలా నూగు ఉన్న స్వెట్‌షర్టు గుడ్డ, ఫ్లానెల్, బాగా ఉతికి మెత్తబడిన నూలు పంచెలు
- మినరల్ టర్పెంటైన్, వంటింటి మెత్తని మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్)
- వెదురు పుల్లలు, మెత్తని టూత్‌బ్రష్‌లు
- కళ్ళద్దాలు, నైట్రైల్ తొడుగులు, ఎన్-95 మాస్కులు, చెవి బిరడాలు
- మూత ఉన్న ఇనుప డబ్బా. టర్పెంటైన్, పాలిష్ అంటిన గుడ్డలన్నీ ఇందులోకే. సన్నని అల్యూమినియం పొడి మంటకు తోడవుతుంది గనుక ఆ గుడ్డలను మూలన కుప్ప వేయకూడదు.

పంచెల గురించి ఒక మాట. మా ఇంట్లో చిరిగిన పాత పొందూరు ఖాదీ పంచె ఒకటుంటే, చివరి తుడుపుకు తెచ్చాను. ఎన్నో ఉతుకులు తిన్న ఆ గుడ్డ గీత పడకుండా తుడిచింది. కొత్త ఖాదీతో ప్రయత్నించవద్దు. గంజి ఉన్న గుడ్డ రేకు మీద గీరుతుంది.

4.2 దగ్గరికి రానివ్వకూడనివి

- చింతపండు, నిమ్మకాయ: ఇత్తడి బిందెకు మంచివే, అల్యూమినియాన్ని తింటాయి.
- వాషింగ్ సోడా, సున్నం, బ్లీచింగ్ పౌడరు. ఆవరణ గోడలకు సున్నం వేస్తున్నారని తెలిస్తే విమానానికి ముందే పరదా కప్పండి. చిమ్మిన సున్నపు చుక్క మచ్చ వదలదు.
- గిన్నెలు తోమే సబ్బు కట్ట, ఇనుప పీచు, ఆకుపచ్చ పీచు, గోనెపట్టా.
- వెల్డింగ్ షాపుల్లో స్టీలు రెయిలింగులకు వాడే చేతి గ్రైండరు. అది నిమిషానికి పదకొండు వేల చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది. మనకు కావలసింది 1,500, ఎంత ముదిరినా 2,000.
- నీటిని ఒత్తిడితో చిమ్మే యంత్రం. రేకుల అతుకుల్లోకి, బేరింగుల్లోకి నీరు దూరితే లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది.

ఇనుప పీచు సంగతి మాకు అనుభవమైంది. మొదటి శీతాకాలంలో చక్రాల గది తలుపు మీద ఒక మొండి మరక కనబడితే, నేనే ఇంటి నుంచి తెచ్చిన సన్నని ఇనుప పీచుతో నాలుగు రుద్దులు రుద్దాను. మరక పోయింది, తలుపు తళతళలాడింది. వారం తిరిగి వచ్చి చూస్తే, మంచుకు తడిసిన ఆ తలుపంతా గోధుమరంగు చుక్కలు, ఆవాలు చల్లినట్టు. అల్యూమినియంలో ఇరుక్కున్న ఇనుప తునకలు తుప్పు పట్టడమే కాక, చుట్టూ ఉన్న రేకును కూడా తినడం మొదలుపెట్టాయి. ఆ చదరపు అడుగును శుభ్రం చేయడానికి మధ్యరకం పాలిష్‌తో మూడు ఆదివారాలు పట్టింది. పైపొర ఎంత పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

5. ఫొటోలు, మూతలు, మాస్కింగ్

5.1 ముందుగా ప్రతి పలకను తిన్నగా ఒకటి, పక్క వెలుతురులో ఒకటి ఫొటో తీయాలి. పలకలకు నంబర్లు వేసిన పటం గీసుకోవాలి. అక్షరాలు, హెచ్చరిక గుర్తులు, పాత తనిఖీ ముద్రలు ఎక్కడున్నాయో స్కేలు పెట్టి కొలిచి రాసుకోవాలి. ఒకసారి అరిగిపోయిన ముద్రను మళ్ళీ వేస్తే అది నకలే అవుతుంది.

5.2 గాలి వేగం కొలిచే పిటో గొట్టం, బయటి గాలి పీడనం తెలుసుకోవడానికి పక్కల ఉండే స్టాటిక్ రంధ్రాలు, ఇంజను నోళ్ళు, గాలి ద్వారాలు మూయాలి. ప్రతి మూతకూ ఎర్ర రిబ్బను కట్టి, నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించాలి. మూసే ముందు లోపల గోరింక గూడు, కందిరీగ తుట్టె ఉన్నాయేమో టార్చి వేసి చూడాలి.

5.3 అద్దాలుగా కనబడేవి చాలావరకు గాజు కావు, యాక్రిలిక్ అనే ప్లాస్టిక్. అమ్మోనియా ఉన్న గాజు శుభ్రపరిచే ద్రవం, థిన్నర్, అసిటోన్ తగిలితే వాటిలో వెంట్రుకల్లాంటి బీటలు పుడతాయి. మంచి నీళ్ళతో చేత్తోనే కడిగి, ఆరాక మెత్తని గుడ్డ కప్పి, దాని మీద ప్లాస్టిక్ పరచి, టేపును అద్దానికి కాక చట్రానికి అంటించాలి.

5.4 గుడ్డ కప్పిన భాగాలను వేరుగా గుర్తించాలి. డకోటాలో తోక చుక్కాని, ఎలివేటర్లు (తోక రెక్కల వెనక కదిలే పలకలు), ఐలెరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) లోహపు చట్రం మీద గుడ్డ బిగించినవి. పైకి వెండి రంగు ఉంటుంది గనుక రేకని పొరబడే వీలుంది. గోటితో మెల్లగా తట్టి చూస్తే డప్పులా పలుకుతుంది. అక్కడ పాలిష్ లేదు, బఫింగ్ లేదు. రెక్కల అంచున ఉండే నల్ల రబ్బరు తొడుగులకు టర్పెంటైన్ తగలనివ్వకూడదు.

5.5 మాస్కింగ్ టేపును ఆ రోజు అంటించి ఆ రోజే తీయాలి. ఎండలో రెండు రోజులు మరచిపోతే జిగురు రేకుకు కరుచుకుంటుంది.

6. కడగడం

మన ఎర్రమట్టి దుమ్ములో గట్టి ఇసుక రేణువులు ఉంటాయి. దుమ్ము పోకుండా బఫింగ్ మిషను పెడితే మీరే ఉప్పుకాగితం పట్టి రుద్దినట్టు. కడగడానికి ఒక పూర్తి రోజు కేటాయించండి.

6.1 మొదట ధారగా నీళ్ళు పోసి దుమ్ము జారనివ్వండి. గుడ్డ ఇంకా ముట్టవద్దు.

6.2 సబ్బు నీళ్ళు కింది నుంచి పైకి పట్టించండి. పై నుంచి మొదలుపెడితే మురికి చారలు ఎండిన రేకు మీదికి దిగి గీతలుగా మిగులుతాయి. కడిగేయడం మాత్రం పై నుంచి కిందికి.

6.3 పక్షుల రెట్టను గీకవద్దు. తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచితే మెత్తబడి వస్తుంది. కింద రేకు చెదిరి మచ్చ ఉంటే పటంలో రాయండి.

6.4 రెండు బకెట్లు తప్పనిసరి: ఒకటి సబ్బుకు, ఒకటి స్పాంజి జాడించడానికి.

6.5 బోరు నీటిలో లవణాలు ఎక్కువ. చివరి జాడింపుకు వాన నీరో, ఆర్వో శుద్ధి నీరో వాడి, వెంటనే మైక్రోఫైబర్‌తో అద్దాలి. లేకపోతే తెల్లని గుండ్రటి మరకలు తేలతాయి.

6.6 రెక్కల అడుగున, మొండెం అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలుంటాయి. అవి మూసుకుపోయి ఉంటే మెత్తని నైలాన్ పుల్లతో తెరవండి. నీళ్ళతో పాటు ఎన్నేళ్ళ బురదో దిగుతుంది, బకెట్ పెట్టుకోండి.

ఇక్కడ మా బృందంలోని ఒక పెద్దాయన సంగతి చెప్పాలి. బుడితిలో ఇత్తడి బిందెలకు మెరుగు పెట్టిన చేయి ఆయనది. మొదటి రోజు ఒక కుర్రవాడి చేతి నుంచి మైక్రోఫైబర్ గుడ్డ జారి నేల మీద పడింది. అతను దాన్ని రెండుసార్లు దులిపి మళ్ళీ రేకు మీద పెట్టబోయాడు. పెద్దాయన అతని మణికట్టు పట్టుకుని ఆపి, గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి, నూగులో చిక్కుకున్న ఒకే ఒక్క ఎర్ర రేణువును గోటితో చూపించారు. "కింద పడ్డ గుడ్డ మళ్ళీ పైకెక్కకూడదు బాబూ" అన్నారు. ఆ రోజు నుంచి అదే మా నియమం. కింద పడిన గుడ్డ, ప్యాడ్, స్పాంజి ఏదైనా ఉతుకుడు సంచిలోకే.

7. తుప్పు పరిశీలన

కడిగి ఆరిన రేకును పక్క నుంచి టార్చి వేస్తూ, వేలి కొసతో తడుముతూ చూడాలి.

తెల్లని పొడి, గరుకుదనం మాత్రమే ఉంటే అది పైపై తుప్పు, పాలిష్‌తో పోతుంది. సూదిమొన గుంటలు ఉంటే అడుగుదాకా అరగదీయాలని ప్రయత్నించకూడదు; గుంట లోపలి పొడి తీసి, గుంటను గుంటగానే వదలాలి. రంగు అంచుల కింద పురుగు పాకినట్టు సన్నని దారులు కనబడితే ఫొటో తీసి నిపుణుడికి చూపాలి.

రేకు అంచున లోహం పొరలు పొరలుగా విడిపోయి ఉబ్బినా, రివెట్ల మధ్య రేకు దిండులా పొంగినా, అది బలానికి సంబంధించిన విషయం. అక్కడ పాలిష్ పని పూర్తిగా ఆపాలి. రివెట్టు చుట్టూ గాలి వాలువైపు నల్లని తోక కనబడితే ఆ రివెట్టు వదులై ఉండవచ్చు. తుడిచేసే ముందు ఫొటో తీయండి, అది ఒక సాక్ష్యం.

8. నమూనా చదరం

మనుషుల కంటికి అంతగా ఆనని చోట, ఒక అడుగు చదరాన్ని టేపుతో గుర్తించండి. మొదట మెత్తని పాలిష్‌ను చేత్తో పట్టించి చూడండి. సరిపోకపోతే మధ్యరకం. అదీ చాలకపోతేనే ముతక రకం. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు: ముతక రకంతో త్వరగా మెరుపు వస్తుందని అక్కడ మొదలుపెట్టి, దాని గీతలు పోగొట్టడానికి రోజులు ఖర్చు చేస్తారు.

ఏ తరగతి, ఎంత వేగం, ఎన్ని నిమిషాలు, ఎన్ని గుడ్డలు అన్నది చదరం పక్కన ఫొటోతో సహా రాసుకోండి. యాజమాన్యం వారిని పిలిచి చూపించి, "ఈ మెరుపు చాలు" అని సంతకం చేయించుకోండి. తరువాత ఎవరైనా ఇంకాస్త మెరవాలని అంటే చూపించడానికి కాగితం ఉంటుంది.

9. మెరుగు పెట్టడం

పై నుంచి కిందికి, ముందు నుంచి వెనక్కి, పలక తరువాత పలక. ఒకసారికి రెండడుగుల చదరం మించి తీసుకోవద్దు.

9.1 మొదటి అంచె

కందిగింజంత పాలిష్ బొట్లు ఐదారు వేలితో రేకు మీద పెట్టండి. ఎక్కువ పెడితే ఎక్కువ కోస్తుందనుకోవడం భ్రమ; ఎక్కువైన పాలిష్ ప్యాడ్ కింద జారుతుందే తప్ప పని చేయదు. మిషను ఆపి ఉండగానే ప్యాడ్‌ను రేకుకు ఆనించి, ఆ తరువాత స్విచ్ వేయండి. తిరుగుతున్న ప్యాడ్‌ను దించితే అంచు తగిలి చంద్రవంకలాంటి గాటు పడుతుంది.

ప్యాడ్ దాదాపు బల్లపరుపుగా, ఒక వైపు రవ్వంత ఎత్తి, మిషను బరువే ఒత్తిడిగా, ఒక్కో వరుస ముందు వరుసను సగం కప్పేలా నెమ్మదిగా నడపాలి. కాసేపటికి నల్లని పేస్టు తేలుతుంది. అది మురికి కాదు. ఆ నలుపు అరిగిన మీ విమానం రేకే. ఆ నలుపు పలచబడి కింద వెలుగు కనబడగానే ఆపాలి. ప్యాడ్‌ను రెండు మూడు చదరాలకొకసారి దువ్వాలి. నల్లగా గట్టిపడిన ఉన్ని గీతలు పెడుతుంది.

రేకు అంచులు, మడతలు, బయటికి పొంగిన రివెట్టు తలలు, సొట్టల గట్లు ముందుగా అరుగుతాయి. వాటి దగ్గర మిషను వద్దు. ఒకేచోట మూడు క్షణాలు ఆగితే పలుచని రేకు వేడెక్కి అలలు పడుతుంది.

9.2 రెండో అంచె

మధ్యరకానికి కొత్త ప్యాడ్. ఒక తరగతికి వాడిన ప్యాడ్‌ను మరో తరగతికి వాడకూడదు. ప్యాడ్ వెనక మార్కరుతో తరగతి రాసి, వేరువేరు సంచుల్లో పెట్టండి. మొదటి అంచె గీతలకు అడ్డంగా నడిపితే అవి పోయాయో లేదో కంటికి తెలుస్తుంది.

9.3 చివరి అంచె

కక్ష్యలో తిరిగే పాలిషర్‌కు స్వెట్‌షర్టు గుడ్డ నూగు వైపు బయటికి ఉండేలా బిగించి, మెత్తని పాలిష్ చాలా కొద్దిగా పెట్టి, దాదాపు ఒత్తిడి లేకుండా నడపాలి. గుడ్డను ప్రతి నాలుగైదు చదరపు అడుగులకు మార్చాలి. ఓపిక నశించేది ఈ అంచెలోనే. అలసినవారిని పంపించి, ఉదయం మొదటి గంటలో తాజా చేతులతో చేయించండి.

10. రివెట్లు, అతుకులు

మిషను చేరని చోట వెదురు పుల్ల కొసకు గుడ్డ చుట్టి, పాలిష్ అద్ది, రివెట్టు చుట్టూ కాక రేకు వాటంలో తిన్నగా రుద్దాలి. చుట్టూ రుద్దితే ప్రతి రివెట్టుకూ ఒక వలయం మిగులుతుంది. ఎండలో రెక్కంతా పొలుసుల చేపలా కనబడుతుంది.

అతుకుల్లో చేరిన నల్లని పాలిష్‌ను అదే రోజు తీయాలి. ఎండితే రాయి అవుతుంది, తడి పీల్చుకుని తుప్పుకు చోటిస్తుంది. టర్పెంటైన్ అద్దిన టూత్‌బ్రష్ చాలు. కత్తి, హాక్సా బ్లేడు ముక్క, స్క్రూడ్రైవరు వద్దు: అతుకు దగ్గర పడిన గీత తుప్పుకే కాక పగులుకు కూడా మొదలు కావచ్చు.

11. తుడుపు, మైనం

రేకు మీద మిగిలిన జిడ్డు మీద మొక్కజొన్న పిండిని పలుచగా చల్లి, శుభ్రమైన ఫ్లానెల్‌తో ఒకే దిశలో తుడిస్తే జిడ్డును పిండి పీల్చుకుంటుంది. బియ్యప్పిండి వద్దు, దానిలో పలుకు ఉంటుంది.

ఆ తరువాత ఏం పూయాలి? వార్నిష్ లాంటి పారదర్శక పూత వేస్తే మళ్ళీ పాలిష్ అక్కరలేదని అమ్మేవారు చెబుతారు. బయట ఎండకూ వానకూ ఉన్న విమానానికి నేను దాన్ని సిఫారసు చేయను. పూత పసుపెక్కుతుంది, అంచుల వద్ద లేస్తుంది, లేచిన చోట నీరు చేరి పూత కిందే తుప్పు పాకుతుంది, చివరికి దాన్ని ఊడదీయడానికి ఘాటైన రసాయనం వాడవలసి వస్తుంది. పలుచని మైక్రోక్రిస్టలైన్ మైనం పొర కొన్ని నెలలే నిలుస్తుంది కానీ టర్పెంటైన్‌తో సులువుగా వస్తుంది. మైనాన్ని నీడలో, చేత్తో పూసి, పొగమంచులా మారాక తుడవాలి.

12. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

సుడుల గీతలు: వేగం ఎక్కువ, లేదా ప్యాడ్ మురికి. కొత్త ప్యాడ్, మధ్యరకం, 1,200 చుట్ల వేగంతో మళ్ళీ రెండో అంచె నుంచి.

ఎండి పెచ్చు కట్టిన పాలిష్: గీకవద్దు. దాని మీదే తాజా పాలిష్ బొట్టు పెట్టి చేత్తో నానబెట్టి తుడిస్తే కరుగుతుంది.

పక్కపక్క పలకలు వేరువేరు రంగులో కనబడడం: చాలాసార్లు ఇది తప్పే కాదు. ఎప్పుడో మరమ్మతులో మార్చిన రేకు వేరు కొలిమి నుంచి వచ్చినది. రెంటినీ ఒకటి చేయాలని పాత పలకను అరగదీసేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు.

వేలిముద్రలు: చెమటలో ఉప్పు ఉంటుంది, వారంలో మచ్చగా తేలుతుంది. చివరి అంచెలో తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి, ఫొటో దిగడానికి వచ్చిన పెద్దలను కూడా.

టేపు జిగురు: టర్పెంటైన్ తడిపిన గుడ్డ ఐదు నిమిషాలు ఆనించి, బొటనవేలితో దొర్లించాలి.

ఉంగరం, వాచీ, బెల్టు బకిల్ గీతలు: వీటికి దిద్దుబాటు లేదు. పనిలోకి వచ్చేవారు అవి తీసి డబ్బాలో పెట్టే అలవాటు మొదటి రోజే చేయించాలి.

13. పూట ముగిసేటప్పుడు, ఆ తరువాత

- మాస్కింగ్ టేపంతా తీశారా?
- గుడ్డలు లెక్క సరిపోయాయా? ఒకటి తక్కువైతే దొరికేదాకా ఎవరూ ఇంటికి వెళ్ళకూడదు. అది ఏ గాలి ద్వారంలో ఉందో తెలియదు.
- పరంజాను విమానానికి దూరంగా జరిపి చక్రాలకు తాళం వేశారా?
- ఇనుప డబ్బా మూత బిగించి, నీడలో, విమానానికి దూరంగా పెట్టారా?
- ఈ రోజు ఏ పలక, ఏ తరగతి, ఎవరు, ఎన్ని గంటలు అన్నది రిజిస్టరులో ఎక్కిందా?

పని పూర్తయ్యాక మళ్ళీ మళ్ళీ పాలిష్ చేయడం కాదు, కడగడమే ముఖ్యం. విజయనగరం పట్టణంలా సముద్రానికి కాస్త ఎడంగా ఉన్నచోట రెండు నెలలకొకసారి మంచి నీళ్ళతో కడిగితే చాలు. కళింగపట్నం, బారువ వంటి తీరపు గాలి తగిలే చోట నెలకొకసారి, తుపాను గాలి వీచిన తరువాత అయితే వీలైనంత త్వరగా, ఎందుకంటే ఆ గాలి ఉప్పునీటి తుంపరను చాలా లోపలికి మోసుకొస్తుంది. మైనం వానాకాలానికి ముందొకసారి, తరువాతొకసారి. ముతక పాలిష్ జోలికి మళ్ళీ పోనవసరం లేదు. మెత్తని రకంతో ఏడాదికొకసారి, అదీ మెరుపు తగ్గిన పలకలకు మాత్రమే. ఏ పలకకు ఎన్నోసారి చేశారో రిజిస్టరులో పాత పేజీ తిరగేసి చూశాకే డబ్బా మూత తీయండి.